ఆపిల్ ఎర్రబడితే కోతకు వచ్చినట్లేనా?

ప్రశ్న: మా పెరట్లో రెండు రకాల ఆపిల్ చెట్లు ఉన్నాయి. ఒక రకం కాయలు నిండా ఎర్రబడ్డాయని ఒక బుట్టెడు కోశాం. తింటే పుల్లగా, పచ్చి పిండి నమిలినట్లు ఉన్నాయి. రెండో రకం ఇంకా పచ్చగానే ఉంది, అయినా దాని కింద రోజూ ఒకటి రెండు కాయలు రాలుతున్నాయి. కాయ కోతకు వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి? ఇప్పటికే కోసినవాటిని గడ్డిలో మగ్గబెడితే తీపి వస్తుందా?
– ఒక రైతు

జవాబు: ఎరుపును చూసి తొందరపడ్డారు. ఆపిల్ విషయంలో ఎరుపు నమ్మదగిన గుర్తు కాదు. తొక్కకు ఆ రంగునిచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణకం. అది బాగా ఏర్పడాలంటే కాయకు ఎండ తగలాలి, రాత్రులు చల్లగా ఉండాలి. ముందుగానే ముదురు రంగు తిరిగేలా ఎంపిక చేసిన రకాలు కూడా ఉన్నాయి. వాటిలో గుజ్జు పచ్చిగా ఉండగానే తొక్క నిండా ఎర్రబడుతుంది. రాత్రులు వెచ్చగా ఉండే చోట మాత్రం కాయ పూర్తిగా పండినా ఎరుపు పలచగానే ఉండిపోతుంది. గ్రానీ స్మిత్ వంటి రకాలు ఎంత పండినా నిండా ఎర్రబడవు.

మీరు చూడవలసింది ఎరుపు వెనక ఉన్న అసలు రంగును. తొడిమ గుంట చుట్టూ, ఎండ తగలని వైపు పరిశీలించండి. అక్కడ ముదురు ఆకుపచ్చ ఉంటే ఆగాలి. ఆ పచ్చదనం వెలిసి, లేత పసుపు లేదా మీగడ రంగు తొంగిచూస్తుంటే కోత దగ్గరపడినట్లు. పచ్చగా ఉండే రకాల్లోనూ పచ్చదనం లేతబడుతుంది. వాటిని పూర్తిగా పసుపు తిరిగేదాకా ఉంచితే నిల్వకు పనికిరావు.

రాలిన కాయలను పారేయకుండా కోసి చూడండి. లోపల పురుగు తొలిచిన దారి, దాని విసర్జన కనిపిస్తే ఆ కాయ రాలింది పురుగు వల్లే. కాయతొలుచు పురుగు పట్టిన కాయ మిగతావాటి కంటే ముందే రంగు తిరిగి రాలిపోతుంది. దాన్ని చూసి కోత మొదలుపెట్టకూడదు. గాలివాన లేకుండానే ఏ మచ్చా లేని, నిండుగా ఎదిగిన కాయలు రాలుతుంటే మాత్రం ఆ చెట్టు కోతకు వస్తోందనే అర్థం. ముందు ఈ తేడా తేల్చుకోండి.

కాయను అడ్డంగా కోసినప్పుడు గింజలనూ గమనించండి. తెల్లగా ఉంటే కాయ పచ్చిది. గోధుమ రంగు వస్తే పక్వం దగ్గరపడుతోంది. కానీ గింజ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆలస్యంగా పండే రకాల్లో కాయ సిద్ధం కావడానికి చాలా ముందే గింజలు ముదురు రంగుకు వస్తాయి. త్వరగా పండే రకాల్లోనైతే గింజ సగం రంగు తిరిగేసరికే కాయ తినడానికి బాగుంటుంది.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది అయోడిన్ పరీక్ష మీద. చెట్టుకు నాలుగు వైపుల నుంచి నాలుగైదు కాయలు తెచ్చి అడ్డంగా సగానికి కోయండి. మందుల దుకాణంలో దొరికే టించర్ అయోడిన్‌ను నీటితో పలచన చేసి, కోసిన ముఖంపై పూయండి. ఒకటి రెండు నిమిషాల్లో పిండి పదార్థం ఉన్న చోటల్లా నీలి నలుపుగా మారుతుంది. కాయ పండేకొద్దీ పిండి చక్కెరగా మారుతుంది. ఈ మార్పు గింజల గది దగ్గర మొదలై తొక్క వైపు సాగుతుంది. ముఖమంతా నల్లబడితే కాయ పచ్చిది. మధ్య భాగం తేటగా ఉండి, బయటి గుజ్జులో నలుపు మిగిలితే నిల్వకు కోయడానికి సరైన దశ. తొక్క కింద సన్నని గీతగా మాత్రమే నలుపు ఉంటే వెంటనే తినడానికి కోసుకోవచ్చు. నాలుగైదు రోజులకు ఒకసారి ఇలా చూస్తే మార్పు మీకే తెలుస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, మరకలు పడతాయి. పరీక్షించిన ముక్కలను ఎవరూ తినకూడదు, పశువులకూ పెట్టకూడదు.

చివరి మాట మీ నాలుకదే. పరీక్ష బాగున్నా రుచి ఇంకా పిండిగా, వగరుగా ఉంటే మరో వారం ఆగండి. అలాగని మరీ ఆలస్యం చేసినా నష్టమే. గుజ్జు మెత్తబడి పొడిపొడిగా మారుతుంది. కొన్ని రకాల్లో గుజ్జు అక్కడక్కడ నీరు నిండి గాజులా కనిపిస్తుంది, అటువంటి కాయలు నిల్వలో త్వరగా పాడవుతాయి.

కోసేటప్పుడు కాయను అరచేతిలోకి తీసుకుని పైకెత్తి కొద్దిగా తిప్పండి. పక్వానికి వచ్చిన కాయ తొడిమతో సహా తేలికగా ఊడి వస్తుంది. కిందికి గుంజవద్దు. కాయ పట్టుకుని ఉన్న కురచ రెమ్మలోనే వచ్చే ఏటి పూమొగ్గ ఉంటుంది, అది విరిగితే ఆ చోట కాపు పోయినట్లే. చెట్టంతా ఒకేసారి దులపకండి. పైన, అంచుల్లో ఎండ తగిలే కాయలు ముందు పండుతాయి, లోపలివి తర్వాత. రెండు మూడు విడతలుగా కోయడమే మేలు.

మీ చెట్ల రకాల పేర్లు తెలియవు కాబట్టి వచ్చే ఏడు పూలు ఎక్కువగా విచ్చుకున్న తేదీని రాసిపెట్టుకోండి. అక్కడి నుంచి గాలా రకం సుమారు 110–120 రోజులకు, రెడ్ డెలీషియస్ 140–150 రోజులకు కోతకు వస్తాయి. ఎండలను బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది, కాబట్టి పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే వాడండి.

ఇక మీరు కోసిన బుట్ట సంగతి. ఆపిల్ కోసిన తర్వాత కూడా పండుతుంది, కానీ కొంత పక్వం వచ్చాక కోసిన కాయకే అది చెల్లుతుంది. అందులోంచి రెండు మూడు కాయలు కోసి గింజలు చూడండి, అయోడిన్ పూయండి. గింజలు రంగు తిరిగి, మధ్య భాగం తేటగా ఉంటే నీడలో, గది వెచ్చదనంలో వారం, పది రోజులు ఉంచండి. మిగిలిన పిండి చక్కెరగా మారి, పులుపు కూడా కొంత తగ్గుతుంది. గింజలు తెల్లగా ఉండి ముఖమంతా నల్లబడితే గడ్డిలో పెట్టినా ముడతలు పడతాయే తప్ప రుచి రాదు. వాటిని ఇప్పుడే జామ్ చేసుకోండి. పచ్చి ఆపిల్‌లో పెక్టిన్ ఎక్కువ, జామ్ చక్కగా గట్టిపడుతుంది.