తొలి కాన్పుకు వస్తున్న బిడ్డకు

బిడ్డా,

కాన్పుకు మిర్యాలగూడ వస్తున్నావనీ, నొప్పులు తెలియకుండా వెన్నులో సూది వేయించుకుంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చింది. ఆ సూదితో జన్మంతా నడుము నొప్పి ఉంటుందని ఎవరో భయపెట్టారట. అది నిజం కాదని చెప్పాను. వేయించుకో. నొప్పి ఓర్చుకుంటేనే తల్లివని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపు.

రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకో. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పు. సూది దిగేటప్పుడు కదలకు.

నా భయమంతా జ్వరం గురించే. ఎపిడ్యూరల్, అంటే ఆ వెన్ను సూదే, వేసిన కొన్ని గంటలకు కొందరికి ఒళ్లు కాలుతుంది. తొలి కాన్పులో, నొప్పులు గంటల తరబడి సాగితే మరీను. చాలాసార్లు అది ఇన్‌ఫెక్షన్ కాదు. ఈ సంగతి తెలిసి ఉండటమే ఒక రాత్రి నా కొంప ముంచింది.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజులవి. నీ ఈడు పిల్ల. రాత్రి రెండింటికి థర్మామీటర్ 101 చూపింది. "సూది జ్వరంలే" అని నుదుటిమీద తడిగుడ్డ వేసి పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయాను. "ఉమ్మనీరు మొన్న సాయంత్రమే పోయిందమ్మా" అని వాళ్ల అత్త తెర పక్కనుంచి అంది. విన్నాను, పట్టించుకోలేదు. తెల్లవారేసరికి కడుపులో బిడ్డ గుండె 180 కొట్టుకుంటోంది, గుడ్డలు వాసన వేస్తున్నాయి. అప్పుడు పరుగెత్తాను డాక్టరు కోసం. ఆపరేషన్ చేశారు. పసివాడు పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. బతికాడు. ఇంటికి వెళ్లే రోజు ఆ పిల్ల రెండు బత్తాయిలు నా చేతిలో పెట్టి దండం పెట్టింది. వాటిని ఒలవలేకపోయాను, ఎండిపోయేదాకా కిటికీలోనే ఉన్నాయి.

అందుకే చెబుతున్నాను, శ్రద్ధగా విను. ఉమ్మనీరు పోయిన గంట అరచేతిమీద పెన్నుతో రాసుకో. నర్సుల డ్యూటీ మారినప్పుడల్లా చెప్పు. 18 గంటలు దాటితే పసిబిడ్డకు ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. జ్వరం 100.4 తాకితే డాక్టరు వచ్చి చూడాల్సిందే. సూది వల్ల వచ్చిందో, ఇన్‌ఫెక్షనో మంచం పక్కన నిలబడి తేల్చడం ఎవరి తరమూ కాదు. కాబట్టి యాంటీబయాటిక్ ఎక్కించినా, పుట్టాక బిడ్డను కొంతసేపు వేరే గదిలో పెట్టి చూసినా బెంగపడకు.

మీ అమ్మను ఉన్ని దుప్పట్లు కప్పనివ్వకు, చెబితే వినదు. నొప్పులు మొదలవగానే నాకు ఫోను చేయించు. అర్ధరాత్రయినా సరే, నల్గొండ నుంచి ఏదో ఒక బండి పట్టుకుని వచ్చేస్తాను.

నీ పెద్దమ్మ