ఎంటెక్ లేకుండా సివిల్‌లో పీహెచ్‌డీ కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సివిల్ 79 శాతంతో పాసైంది. ఎంటెక్ చేయకుండా నేరుగా పీహెచ్‌డీకి వెళ్తానంటోంది. చేర్చుకుంటారా? ఎన్నేళ్లు పడుతుంది? మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: చేర్చుకుంటారండీ. యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే పీజీ లేకపోయినా పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది. పీజీ చేసినవాళ్లకైతే 55 శాతం చాలు. ఐఐటీలు, ఎన్‌ఐటీలకు సొంత రూల్స్ ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్ పూర్తిగా చదవాల్సిందే. బీటెక్‌తో వచ్చేవాళ్లను చాలాచోట్ల గేట్‌లో (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) మంచి స్కోరు అడుగుతారు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, పరీక్ష ముందే రాసి పెట్టుకోమనండి.

చేరాక కోర్సువర్క్ (కొన్ని సబ్జెక్టులు చదవడం), వాటి మీద కాంప్రహెన్సివ్ పరీక్ష, కమిటీ ముందు రీసెర్చ్ ప్రపోజల్, చివర్లో థీసిస్ (పరిశోధన గ్రంథం), వైవా (మౌఖిక పరీక్ష) ఉంటాయి. థీసిస్‌ను బయటి ఎగ్జామినర్లు కూడా చూస్తారు. గడువు కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. ఆపైన రీరిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు ఇవ్వొచ్చు. జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసింది కానీ, పేపర్లు లేకుండా థీసిస్ పెడతానంటే చాలా డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు.

అసలు ఆలస్యం జరిగేది ల్యాబ్‌లో. కాంక్రీట్ మీద పనిచేస్తే పరీక్షకు కాంక్రీట్ క్యూబులు (దిమ్మెలు) పోశాక 28 రోజులు ఆగి వాటి బలం చూడాలి. మన్నిక పరీక్షలైతే నెలల తరబడి సాగుతాయి. మిక్స్ తేడా వస్తే మళ్లీ మొదటికే. వాటర్ రిసోర్సెస్‌లో ఫీల్డ్ డేటా కావాలంటే ఒక వానాకాలం తప్పిపోతే ఏడాది పోయినట్టే. ట్రాన్స్‌పోర్టేషన్‌లో, స్ట్రక్చర్స్‌లో కంప్యూటర్ మోడలింగ్ ఎక్కువగా ఉండే టాపిక్ అయితే ఈ బాధ కొంత తక్కువ. అందుకే కాలేజీ పేరు కన్నా ముందు టాపిక్, గైడ్ సంగతి చూడమంటాను. ఆ గైడ్ దగ్గర ఇంతకుముందువాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, కావలసిన మెషీన్ నిజంగా పనిచేస్తోందా, ఈ రెండూ ఇప్పుడున్న స్కాలర్లను అడగాలి. గైడ్ పక్కన లేనప్పుడు అడిగితేనే నిజం చెప్తారు!

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ, ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఫెలోషిప్‌తో (నెలనెలా ఇచ్చే ఉపకారవేతనం) చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. ఫెలోషిప్ లేని సీటుకు తొందరపడొద్దు. విదేశీ యూనివర్సిటీ పేరు చెప్పి ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ ఇప్పిస్తామనే కంపెనీల జోలికి అసలే వెళ్లొద్దు. వాటి గురించి 2022లోనే యూజీసీ, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) కలిసి హెచ్చరించాయి.

ఒక్క విషయంలో మాత్రం మీ అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. తను లెక్చరర్ కావాలనుకుంటోందా? ఇంజినీరింగ్ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఏఐసీటీఈ ఎంటెక్ అడుగుతుంది, ఆ పై మెట్టయిన అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి. ఎంటెక్ లేని పీహెచ్‌డీ చూసి కొన్ని ప్రైవేటు కాలేజీలు ఇంటర్వ్యూలో నసుగుతాయి. కాబట్టి బోధనే లక్ష్యమైతే, ఎంటెక్, పీహెచ్‌డీ రెండూ కలిపి ఇచ్చే డ్యూయల్ డిగ్రీ ఉన్న ఐఐటీలకు ముందు అప్లై చేయించండి.