ఏ పేజీలో విసుగేసింది?

చిరంజీవికి,

నీ ఉత్తరం, దాంతోపాటు ఈ మధ్య చదివిన నవలల మీద నువ్వు రాసుకున్న కాగితాలూ అందాయి. పెద్ద పేరున్న పుస్తకాల్ని బాగాలేవనడం పొగరేమో అని చివర్లో అడిగావు. పొగరేం కాదు. నాకు ఇబ్బందనిపించింది వేరే విషయం. నచ్చినవాటి పక్కన "అద్భుతం" అనీ, నచ్చనివాటి పక్కన "బోరు" అనీ రాసి ఊరుకున్నావు. పుస్తకాల పేర్లు కొట్టేస్తే ఏ మాట దేని గురించో నువ్వైనా చెప్పలేవు.

మామూలు పాఠకులకైతే ఆ రెండు మాటలు చాలు. నచ్చలేదు, పక్కన పడేశారు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నవల రాయాలని కూర్చున్న నీకు అలా కుదరదు. ఏ పేజీలో విసుగేసిందో, అక్కడే ఎందుకేసిందో తెలియకపోతే రేపు నీ నవల్లోనూ అదే పేజీ రాస్తావు.

నవీన్ 'అంపశయ్య' సంగతే చూద్దాం. "ఏమీ జరగదు, బోరు" అన్నావు. 1969లో వచ్చిన ఆ నవల మొత్తం ఒక్క రోజు. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా అతని బుర్రలో తిరిగేదే కథ. అందులో ఏమీ జరగదని తిట్టడమంటే, చెయ్యనని ముందే చెప్పిన పని చెయ్యలేదని తిట్టడమే. అయినా నీకు విసుగేసిన మాట నిజం. నాకూ వేసింది. ఎక్కడంటే, రవి ఆలోచనలు చేతిలో డబ్బు లేకపోవడం చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగే చోట. ఇక్కడ ఆగి కాస్త తవ్వు. డబ్బుల్లేనివాడి బుర్ర నిజంగా అలాగే తిరుగుతుంది. దేని గురించి మొదలుపెట్టినా కాసేపటికి ఆ టెన్షన్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అంటే ఆ తిరుగుడు అబద్ధం కాదు. నిజమే పేజీ మీదికొచ్చి విసుగు పుట్టించింది. మరి జరిగింది జరిగినంతసేపూ రాయాలా, పాఠకుడికి అర్థమయ్యాక ఆపెయ్యాలా? నవీన్ గారు ఒక దారి తీసుకున్నారు. (ఆ నవల పేరు ఆయనకి ఇంటిపేరైపోయింది, అంటే చాలామందికి ఆ దారి నచ్చినట్టేగా.) నువ్వు ఇంకో దారి తీసుకోవచ్చు. కానీ "బోరు" దగ్గరే ఆగిపోతే అసలు ఈ ప్రశ్న నీ దాకా రాదు.

'అసమర్థుని జీవయాత్ర' నచ్చకపోవడానికి నువ్వు చెప్పిన కారణం సీతారామారావు మీద చిరాకు. ఆస్తంతా చేజేతులా పోగొట్టుకుని, ఇంట్లోవాళ్లని ఏడిపించి, ఎవరు చెప్పినా వినకుండా శ్మశానం దాకా వెళ్లే మనిషి మీద చిరాకు రాక ఏమొస్తుంది? గోపీచంద్ అంత శ్రమపడింది అందుకే. పాత్ర నచ్చకపోవడం, నవల నచ్చకపోవడం ఒకటి కాదు. చాలామంది పాఠకులు జీవితాంతం ఈ రెండూ కలిపేసే చదువుతారు, వాళ్లకి నష్టం లేదు. నీకు ఉంది. మంచి మనుషుల గురించి మాత్రమే రాయాలన్న భయం ఇక్కడే పుడుతుంది. ఆ నవల మీద నా ఫిర్యాదు వేరు. చర్చ మొదలైతే చాలు, మనుషులు మాయమై ఉపన్యాసాలు మిగులుతాయి. 'ఎందుకు' అని అడగడం నేర్పాడని తండ్రికి అంకితమిచ్చిన పుస్తకంలో ప్రశ్నలు దండిగా ఉండటం సహజమే. కానీ సీతారామారావు పతనం ఆ ప్రశ్నల వల్ల నాకు అర్థం కాలేదు, అతను చేసే పనుల వల్ల అర్థమైంది. చర్చలున్న పేజీలు నేను రెండోసారి చదివినప్పుడు దాటేశాను.

ఇక నీకు నచ్చిన 'కాలాతీత వ్యక్తులు'. "ఇందిర సూపర్" అని రాశావు. నిజంగానే సూపర్. అయితే ఎందుకో చెప్పాల్సింది కదా! ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసినందుకు నీ మీద కాస్త కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పుస్తకం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల ఇదొక్కటే, 1961లో చిన్న వయసులోనే పోయారు. అందులో ఇందిర ఉద్యోగం చేసి బాధ్యత లేని తండ్రిని పోషిస్తుంది. ఆ కాలపు నవలల్లో అలాంటి అమ్మాయి ఉంటే ఒకటే దారి, త్యాగమూర్తి అయిపోవాలి. ఇందిర అవదు. తనకేం కావాలో అడుగుతుంది, దక్కకపోతే లాక్కోవాలని చూస్తుంది, అవతలివాళ్లకి నొప్పి కలుగుతుందని తెలిసీ మాట విసురుతుంది. ఇంత చేసినా రచయిత్రి ఆమె తరఫున మనకి క్షమాపణ చెప్పరు, చివర్లో బుద్ధి చెప్పి శిక్షించరు కూడా. అదీ కష్టం. ఇలాంటి పాత్ర రాస్తున్నప్పుడు "పాపం, చిన్నప్పటి నుంచీ కష్టాలే" అని ఒక్క వాక్యం ఇరికించాలని చెయ్యి లాగుతుంది. అక్కడ ఆ చేతిని ఎలా ఆపారో చూడు.

ప్రకాశాన్ని కూడా గమనించు. అతను విలన్ కాదు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు, ఇందిర అంటే ఇష్టం ఉన్నవాడు. అవసరమైన చోట ఒక్క మాట నోటి నుంచి రానివాడు, అంతే. ఇద్దరూ కలిసే సీన్లు రెండు మూడు తీసుకుని, ఎవరు ముందు మాట్లాడుతున్నారో, ఎవరు మాట తప్పిస్తున్నారో పెన్సిల్‌తో గీసుకుంటూ చదువు. అతని పిరికితనం గురించి రచయిత్రి చెప్పిన మాటల కంటే ఆ తప్పించుకోవడాలే ఎక్కువ చెబుతాయి.

అంత ఇష్టమైన నవల్లోనూ ఇంకో ముఖ్య పాత్ర కల్యాణి వైపు కథ నాకు పూర్తిగా పట్టలేదు. ఆమెకు కష్టం బయటి నుంచే వస్తుంది, ఊరటా బయటి నుంచే వస్తుంది. ఇందిర పక్కన ఆమె పలచగా కనిపించడానికి కారణం మంచితనం కాదు, కథని ముందుకు నెట్టే పని ఆమె చేతుల్లో లేకపోవడం. ఇష్టమైన పుస్తకంలో లోపం చెప్పినంత మాత్రాన ఇష్టం తగ్గిపోదు, భయపడకు. (ఈ కథతో 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' అని సినిమా వచ్చింది. అది చూసి నవల గురించి మాట్లాడేవాళ్లు తగులుతారు. వాదన పెట్టుకోకు.)

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' సగంలో ఆపేశావు, "పాత భావాలు" అని. అందులో కథానాయకుడు ధర్మారావు లోకాన్ని చూసే చూపుతో నాకూ చాలా చోట్ల పేచీ ఉంది, కులం విషయంలో మరీ. కానీ ఆ పేచీని నవల లోపంగా రాయకు, రెండూ వేర్వేరు పద్దులు. మొదటిది నీకూ విశ్వనాథకూ మధ్య తగువు. రెండోది రాతకి సంబంధించింది. నా లెక్కలో రాత లోపం ఇదీ: ధర్మారావుతో వాదించేవాళ్లు చాలావరకు ఓడిపోవడానికే వస్తారు. ఎదుటివాడి నోట్లో గట్టి మాట ఒక్కటీ పెట్టకపోతే గెలుపు తేలికైపోతుంది. ఇది పాత భావాలవాళ్లకే వచ్చే జబ్బు అనుకోకు. నువ్వు పంపిన కథలో ఛాందసుడైన ఆ మామయ్య కూడా ఓడిపోవడానికే వచ్చాడు, ఒకసారి చూసుకో. మళ్లీ అదే నవల్లో చేలతో, పురుగూ పుట్రతో చుట్టరికం కలిపినట్టు తిరిగే పసిరిక అనే పాత్ర కనిపించే చోట్ల ఏ పేచీ గుర్తుండదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని ఈ నవలకీ, అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ కలిపి పంచారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సరదాగా ఉంటుంది, ఓపిక ఉంటే.

ఇంకో చిన్న సంగతి. మన నవలలు చాలావరకు పత్రికల్లో సీరియళ్లుగా వచ్చినవి, 'రాజశేఖర చరిత్రము' దగ్గర్నుంచీ. వాయిదాకీ వాయిదాకీ మధ్య మర్చిపోయినవాళ్లకి కథ గుర్తుచెయ్యాలి, చివర్లో ఒక ముడి వేసి వదలాలి. దాన్ని నువ్వు రెండు రోజుల్లో ఏకబిగిన చదివి "చెప్పిందే చెప్పాడు" అంటే సగం తప్పు నీ వేగానిది.

నచ్చింది ఎందుకు నచ్చిందో చెప్పడం ఇంకా కష్టం. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, "మాటల్లేవు" తప్ప. ఉన్నాయి. తప్పిపోయిన సూడిపంది కోసం అడవిలోకి వెళ్లిన ముసలివాడు, ఒక్క రాత్రి. అతనికి పేరు కూడా ఉండదు. అయినా ఇంత చిన్న పుస్తకం అంత నిండుగా ఎందుకుంది? నా జవాబు ఇది: అతనికి ఏ క్షణాన చూసినా చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుంది. చెవి ఒగ్గి వినాలి, జాడ చూడాలి, కాపలా కాయాలి. అతని భయమూ పంతమూ ఆ పనుల్లోంచే తెలుస్తాయి, కూర్చుని తలుచుకోవడంలోంచి కాదు. నీ జవాబు వేరైతే రాయి, నా దానితో కలవక్కర్లేదు.

ముందుమాటలు మాత్రం నవల పూర్తయ్యాకే చదువు. ఆవిష్కరణ సభల్లో విన్నవి అసలు లెక్కలోకి తీసుకోకు. అక్కడ బాగాలేదనే మాటకి మైకు ఇవ్వరు, నేనూ ఎన్నో సభల్లో శాలువా కప్పించుకుని తియ్యగా మాట్లాడి వచ్చినవాణ్ణే. స్నేహితుల పుస్తకం నచ్చకపోతే వాళ్లకి విడిగా, పేజీ నంబరుతో సహా చెప్పు. కొందరు నొచ్చుకుంటారు. ఒకరిద్దరు మరుసటి రాతప్రతి ముందు నీకే పంపుతారు.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' ఇంకా చదవలేదన్నావు. 18వ శతాబ్దపు రాయలసీమ, 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకు ఎలా అనిపించిందో ఇప్పుడు చెప్పను. ముందు నువ్వు చదివి, ఎక్కడెక్కడ ఆగావో రాసి పంపు. ఆ తర్వాత నావి పంపుతాను.

ఉంటాను.