సాయంత్రమయ్యేసరికి ఇల్లు ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న: మేము అనంతపురంలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటున్నాము. మా వారు బట్టల అంగడి మూసి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అత్తమ్మ సాయంత్రం నుంచి టీవీ పెద్ద శబ్దంతో పెట్టుకుంటారు. ఇంటర్ చదివే మా అబ్బాయి ఆ శబ్దానికి విసుక్కుంటాడు. ఇద్దరికీ సర్దిచెప్పబోయి నేను మాట పడతాను. ఎండాకాలంలో ఈ గొడవలు మరీ ఎక్కువవుతున్నాయి, నాకు నిద్ర కూడా కరువైంది. ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే నేను ఎలా మారాలి?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: మీ చివరి ప్రశ్న నన్ను బాధించింది. నలుగురు ఉండే ఇంట్లో శాంతి కోసం ఒక్కరే మారాలని, ఆ ఒక్కరూ మీరేనని ముందే తీర్మానించుకున్నారు. నన్నడిగితే, మొదట చూడవలసింది మీ తలపైనున్న స్లాబును.

పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు, పొద్దుగుంకిన తరువాత కూడా గంటల తరబడి ఆ వేడిని గదుల్లోకి వదులుతూనే ఉంటుంది. మనిషికి నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గాలి కనుక, పై వాటాలో ఉండేవారికి రాత్రి పది దాటినా కునుకు పట్టకపోవడంలోను, అలా నిద్ర చాలనివారు మరునాటి సాయంత్రం చిన్న మాటకే కసురుకోవడంలోను ఆశ్చర్యం లేదు. ఉగాదికి గోడలకు సున్నం వేయించే అలవాటు మనకు ఉన్నదే. ఇంటి యజమానిని అడిగి ఈసారి మిద్దెపైన కూడా రెండు పూతలు వేయించండి. తెల్లని పైకప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, ఖర్చూ తక్కువే. పడమటి కిటికీలను మధ్యాహ్నం మూసి ఉంచి, వీలైతే బయటివైపు తడికె కట్టి, చీకటి పడ్డాక ఎదురెదురు కిటికీలను తెరవండి. కూలరు ఉంటే ఒక జాగ్రత్త అవసరం. నీరు ఆవిరి కావడం వల్ల గాలిని చల్లబరచే ఆ యంత్రం మన సీమ పొడిగాలిలో బాగా పనిచేస్తుంది గాని, తేమ బయటికి పోవడానికి ఒక కిటికీ తెరిచి ఉంచకపోతే కాసేపటికే ఉక్కపోత మొదలవుతుంది. చాలా ఇళ్లలో తలుపులన్నీ బిగించుకుని కూలరును తిట్టుకుంటారు.

ఇక అత్తగారి టీవీ. వయసు మీదపడినవారు శబ్దాన్ని పెంచుతూ పోతుంటే, మొండితనం అనుకునే ముందు చెవులు పరీక్ష చేయించాలి. వినికిడి నెమ్మదిగా తగ్గుతుంది కనుక ఆ సంగతి చాలామందికి తమంతట తాముగా తెలియదు. పిలిచినా పలకడం లేదన్న నిష్ఠూరాలు కూడా అందులోంచే పుడతాయి. మీ ఊరి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఉన్నారు. ఆమెను అక్కడికి మీ వారే తీసుకువెళ్లాలని నా గట్టి అభిప్రాయం. కొడుకు మాటకు ఆమె దగ్గర ఉండే బరువు వేరు, పైగా ఈ భారంలో ఆయనకూ ఒక పాలు అందాలి.

మీ అబ్బాయి వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. రాత్రి పదికల్లా ఫోను పడసాలలో వదిలి పడుకుంటే, తెల్లవారుజామున చల్లని వేళ, టీవీ లేని ఇంట్లో చదువుకోగలడు. పెద్దలు కూడా పాటిస్తేనే అతడు ఆ నియమానికి లోబడతాడు.

ఇంటి పంచాయతీలను రాత్రి తొమ్మిదికి, అందరూ అలసి ఆకలిగా ఉన్నప్పుడు పెట్టుకోవద్దు. అంగడికి సెలవున్న రోజు ఉదయం నలుగురూ కూర్చోండి. ఆ రోజు ఎవరికీ సర్దిచెప్పకండి. మీకు ఏమి కావాలో, ఏ పని ఎవరు పంచుకోవాలో మాత్రమే చెప్పండి.

ఇంత చేసినా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా మానసిక ఆరోగ్యంపై ఫోనులో సలహాలిచ్చే టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ ఉచిత సేవలో శిక్షణ పొందిన సలహాదారులతో ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.