బెల్లం వేసిన పప్పు షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. పన్నెండేళ్లుగా సూరత్‌లో ఉంటున్నాం. మావారు పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తారు, వయసు 47. ఈమధ్య పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6, బీపీ 146/92 వచ్చాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టారు. ఇంటి ఓనర్లు ఒప్పుకోరని నాన్‌వెజ్ ఎప్పుడో మానేశాం. పక్కింటి గుజరాతీ బెన్ (అక్క) దగ్గర నేర్చుకుని దాళ్, కఢీ (మజ్జిగ పులుసు లాంటిది), ఖిచ్డీ, ఢోక్లా చేస్తుంటాను. బెల్లం పడే ఈ వంటలు ఆపేసి జొన్నరొట్టెలే పెట్టమని మా ఆడపడుచు అంటోంది. ఢోక్లా ఆవిరి మీద ఉడికిందే కదా, అదైనా కడుపునిండా తినొచ్చా?
– ఒక పాఠకురాలు, సూరత్

జవాబు: అమ్మా, ఈ వంటలు ఆపక్కర్లేదు. కొలతలు మార్చుకుంటే చాలు.

ముందు బెల్లం సంగతి. నలుగురికి చేసే పప్పులో రెండు చెంచాల బెల్లం వేస్తే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది అర చెంచా. దానితోనే కొంప మునగదు. కానీ అదే పూట కఢీలో కొంచెం, కూరలో కొంచెం, పక్కన ఛుందో (తీపి మామిడి పచ్చడి), పైగా తీపి చాయ్. అన్నీ కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. బెల్లమైతే పర్వాలేదని చాలామంది అనుకుంటారు గానీ, షుగర్ పెంచడంలో అది పంచదారకు తీసిపోదు. గుజరాతీ దాళ్‌లో బెల్లం వేసేది కోకమ్ (చింతపండులా వాడే పుల్లటి ఎండు పండు) పులుపుకు జోడీగా. పులుపు సగం తగ్గించి చూడండి, తీపి కూడా సగం సరిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి కాస్త ఘాటుగా పడితే మావారు కనిపెట్టలేదని మీరే అంటారు.

నిజానికి నాకు బెల్లం కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది, నాలుగు రోట్లీలు (పల్చటి గోధుమ రొట్టెలు) తిని మళ్లీ దాళ్-భాత్ (పప్పన్నం) కలుపుకునే అలవాటు. పూటకు ఏదో ఒకటే పెట్టండి. రెండు రోట్లీలు, గిన్నెడు కూర, పప్పు, మజ్జిగ. జొన్నరొట్టెలైనా నాలుగు తింటే షుగర్ పెరుగుతుంది, ఆడపడుచుకు ఈ మాట చెప్పండి. ఖిచ్డీ మన పులగం లాంటిదే కదా, ఒక వంతు బియ్యానికి రెండు వంతుల పొట్టు పెసరపప్పు వేసి, పక్కన సొరకాయో బీరకాయో ఉండేలా చూసుకోండి.

ఇక ఢోక్లా. ఆవిరి మీద చేస్తే నూనె తగ్గుతుంది, అందులోని బియ్యం ఎక్కడికీ పోదు. ఢోక్లా లాంటిదే అయిన ఖమణ్ శనగపిండిదే అయినా, పొంగడానికి సోడా లేదా ఈనో వేస్తారు, బజారుదైతే పైన పంచదార నీళ్లు కూడా పోస్తారు. ఒక టీస్పూను వంటసోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. పిండి రాత్రంతా పులియబెడితే సోడా చిటికెడు చాలు. మూడు నాలుగు ముక్కలు, పచ్చి చట్నీతో, భోజనానికి బదులుగా తినాలి. భోజనం చేశాక పైన కాదు. పాపడ్ ఖార్ (అప్పడాల్లో వేసే ఉప్పులాంటి క్షారం) వేసే ఖీచూ (ఉడికించిన బియ్యప్పిండి వంటకం) ఎప్పుడో ఒకసారి చాలు. పచ్చళ్లు, అప్పడాలు కూడా అంతే. ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయకూ మినహాయింపు లేదు!

షిఫ్టులో చాయ్‌తో గాంఠియా, ఫాఫ్డా లాంటి నూనెలో వేయించిన శనగపిండి చిరుతిళ్లు తింటుంటారేమో మీవారిని అడగండి. వాటి బదులు పోపు వేసిన మొలకల పెసలు డబ్బాలో పెట్టివ్వండి.

మరో విషయం మీరు అడగలేదు గానీ చెప్పాలి. మాంసం, గుడ్లు లేని భోజనానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది. పాలు, పెరుగు ఉన్నా ఒకసారి బీ12 పరీక్ష చేయించండి. పాదాల్లో తిమ్మిర్లుంటే ఆలస్యం చేయొద్దు.

బీపీ ఒక్కసారి చూసి వదిలేయకండి. వారం పాటు ఉదయం, సాయంత్రం కొలిచి ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. గ్లూకోమీటర్ ఉంటే ఖిచ్డీ తిన్న రోజు, రోట్లీ తిన్న రోజు, ఢోక్లా తిన్న రోజు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి. 180 దాటించిన వంటకాన్ని మరుసటిసారి సగం వడ్డించండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి.