పూరీ నుంచి వచ్చిన సంచిని అటక ఎక్కించే ముందు

బరంపురం,
గంజాం జిల్లా.

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

మీరందరూ పూరీలో జగన్నాథుణ్ణి దర్శించుకొని క్షేమంగా ఇల్లు చేరినందుకు సంతోషం. కొత్త డఫెల్ బ్యాగును, అంటే ఆ పొడవాటి బట్ట ప్రయాణపు సంచిని, ఎలా మడవాలో, ఎక్కడ దాచాలో చెప్పమని అడిగావు. ఫోనులో తేలే సంగతి కాదు గనుక వ్రాస్తున్నాను. ఇన్నాళ్లూ హైదరాబాదులో ఉన్నావు. అక్కడ సంచిని ఖాళీ చేసి మంచం కిందికి తోసినా చాలావరకు చెల్లిపోతుంది. ఇక్కడ గోపాల్‌పూర్ సముద్రం మనకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిచిందంటే బూజు పట్టడానికి అదే చాలు, మనకు వానకాలమంతా అంతకు తగ్గదు. అందుచేత ఈ ప్రాంతంలో సంచులు ప్రయాణాల్లో కంటే అటక మీదే ఎక్కువగా పాడవుతాయి.

ముందు సంచిని పూర్తిగా ఖాళీ చేసి, జేబులన్నీ బయటకు తిప్పి, తలకిందులుగా దులుపు. పూరీ నుంచి తెచ్చిన ఖాజాల పొడి ఒక్క మూలలో మిగిలినా చీమలు, వాటి వెనుక బొద్దింకలు వస్తాయి. లాడ్జిలో బస చేశారు గనుక కుట్ల వెంబడి, జిప్పు పక్క మడతల్లో టార్చి వేసి నల్లులు ఉన్నాయేమో చూడు. ఈ పని గదిలో కాకుండా వరండాలో చేయడం మేలు.

ఇక ఉప్పు సంగతి శ్రద్ధగా చదువు. మీరు స్వర్గద్వారం దగ్గర స్నానాలు చేసి, తడి బట్టలు అందులోనే పెట్టుకొని వచ్చారు. ఇసుక దులిపితే పోతుంది గాని, బట్టలో ఇంకిన సముద్రపు ఉప్పు పోదు. అది గాలిలోని తేమను తనలోకి లాగుతూనే ఉంటుంది కాబట్టి, ఉప్పు ఉన్న సంచి ఎంత ఎండినట్టు కనిపించినా మబ్బు పట్టిన రోజున మళ్లీ చెమ్మగిల్లుతుంది. జిప్పు తలలు లోహానివైతే తుప్పు కూడా పడతాయి. మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో లోపలా బయటా తుడిచి, నీళ్లు మార్చి మరొకసారి తుడువు. మరకలుంటే పలుచని కుంకుడు రసం చాలు. వాషింగ్ మెషిన్‌లో మాత్రం వేయవద్దు. ఇలాంటి సంచుల లోపలి వైపున నీరు చొరకుండా పలుచని పూత ఉంటుంది. వేడి నీళ్లకూ గట్టి రాపిడికీ అది పొలుసులుగా లేచిపోతుంది. ఇస్త్రీ పెట్టెను కూడా దగ్గరికి రానీయవద్దు.

ఆరబెట్టేటప్పుడు అడుగున ఉండే అట్టను విడిగా తీసి, నోరు పూర్తిగా తెరిచి, తలకిందులుగా నీడలో వేలాడదీయాలి. మండుటెండ నైలాను రంగునే కాదు, బలాన్ని కూడా తినేస్తుంది. వాన రోజులైతే ఫ్యాను కింద రెండు రోజులు ఉంచు. బట్ట త్వరగా ఆరుతుంది, భుజం పట్టీలోని మెత్త ఆరదు; దానిని చెంపకు ఆనించినప్పుడు చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. జిప్పు పళ్లను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, కొవ్వొత్తి ముక్కతో ఒకసారి రుద్దు.

మడవడం తేలికే. భుజం పట్టీని విప్పి లోపల పెట్టు. జిప్పును నాలుగు వేళ్ల మేర వదిలి మూసి, రెండు కొసల గుండ్రటి భాగాలను లోపలికి నొక్కి, సంచిని నేల మీద పరిచి అరచేతితో గాలి పోగొట్టు. నిలువునా మూడు మడతలు వేసి, ఒక కొస నుంచి చాప చుట్టినట్టు వదులుగా చుట్టు. పదునైన మడత పడిన చోటే పూత చిట్లుతుంది కనుక ప్రతిసారీ ఒకే గీత మీద మడవవద్దు. సంచిని దాని జేబులోకే కుక్కి చిన్న పొట్లంలా చేసే ఏర్పాటు ఉన్నా, అది ప్రయాణంలో వాడుకోవడానికే. నెలల తరబడి అలా బిగించి ఉంచడం నాకు సమ్మతం కాదు.

చుట్టిన సంచిని పాలిథిన్ కవరులో కట్టవద్దు, మిగిలిన చెమ్మ బయటకు పోయే దారి లేక లోపలే బూజుగా మారుతుంది. పాత నూలు దిండు గలీబు అన్నిటికంటే మంచిది. అందులో బాగా ఎండిన వేపాకు చిన్న గుడ్డ మూటలో వేయి. నాఫ్తలిన్ ఉండల వాసన తరువాతి ప్రయాణంలో బట్టలకు పడుతుంది, నాకు నచ్చదు. చెప్పుల పెట్టెల్లో వచ్చే, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఈ గాలికి త్వరలోనే నిండిపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. అటక మీద గోడకు ఆనకుండా, కింద చెక్క వేసి పెట్టు. దాని మీద మరే బరువూ వేయకు.

దసరాకు ముందు ఒకసారి తప్పక దించి గాలికి ఆరబెట్టు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ వచ్చినదీ అక్టోబరులోనే. హఠాత్తుగా ఇల్లు వదలవలసి వస్తే నిచ్చెన వెతుక్కొనే వ్యవధి ఉండదు కనుక, దసరాకు ముందు దించినప్పటి నుంచి నవంబరు చివరి దాకా దానిని అటక మీద కాక, బీరువా కింది అరలో చేతికందేలా ఉంచు.

నీ శ్రేయోభిలాషి,
పెదనాన్న.