నాన్నగారు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, అయిదెకరాల వేరుశనగ. వేసవిలోనే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచుదామంటే నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఎన్ని వీడియోలు చూపినా అంతే. అసలు రైతులు కొత్త పద్ధతికి ఎందుకు మారతారు?

జవాబు: ముందు ఆ వీడియోలు కట్టిపెట్టండి బాబూ! నేల బాగుపడుతుందన్న మాట విని మారిన రైతులను నేను అరుదుగా చూశాను. మందుల దుకాణంలో బాకీ పెరిగి మారినవారే ఎక్కువ. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో రైతులు పురుగుమందులు మానింది పత్తి అప్పులు మెడకు చుట్టుకున్నాకే. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమం కూడా మహిళా సంఘాలనూ, సాటి రైతులనూ నమ్ముకుంది. జీతం తీసుకుని సలహాలిచ్చే మాలాంటి వాళ్ల మాటకు అంత విలువ ఉండదు. న్యాయమే, పంట పోతే నష్టం మాది కాదు కదా.

మీ నాన్నగారిది మొండితనం కాదు, లెక్క. మొలక ఎండిపోతే విత్తనం ఖర్చు ఎవరు భరించాలి? అయిదెకరాలూ అడగవద్దు, గట్టు పక్కన పది సెంట్లు అడగండి. సజ్జ, అలసంద, ఉలవ విత్తనాలకు బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం (ఆవు పేడ, బెల్లం వంటివి కలిపి ఆరబెట్టిన ఎరువు) పట్టించి మే నెలలో చల్లండి. చిన్న జల్లుకే మొలుస్తాయి. పాడి ఉంటే ఆ పచ్చిమేత కోసి వేయండి. పాలు పితికేది అమ్మగారైతే ఇక మీ తరఫున ఆవిడే వాదిస్తారు.